నీటి రుచి: ఉంది

సోమవారం
నీళ్ళు: మూడు చెంబులు. రంగు: లేదు. రుచి: ఉంది.

పై వరస నాచు శాఖ వారి కోసం. ఇక్కడి నుంచి కింద ఉన్నదంతా "అదనపు వివరాలు" అనే ఖాళీ జాగా. ఈ దినచర్య పలకని ఇంటికి తెచ్చి ఇచ్చిన అమ్మాయిని, ఇంత జాగాలో ఏం రాయాలని అడిగాను. "మీ ఇష్టమండీ, పై వరస తప్ప ఎవరూ చదవరు" అంది. ఎవరూ అడ్డు రాకుండా నేను మాట్లాడుకునే చోటు పెళ్ళయిన ఇన్నాళ్ళకి ఒకటి దొరికింది. వదులుతానా?

నా పేరు సత్యవేణి. మాది ఇరవై ఆరో అంతస్తు. ఇంట్లో నేను, మా ఆయన సన్నిబాబు, మా అత్త సూరీడమ్మ ఉంటాం. బాల్కనీలో మూడు నాచు పెట్టెలు ఉంటాయి. మా ఆయన సముద్రపు గోడ మీద పని చేస్తాడు. శనివారం వచ్చి సోమవారం పొద్దున్నే వెళ్ళిపోతాడు. అంచేత ఇంట్లో నిజంగా ఉండేది నేను, అత్త, నాచు. ఈ ముగ్గురిలో చెప్పిన మాట వినేది నాచు ఒక్కటే.

తెల్లవారుతుండగా గోడ అవతలి సముద్రం నుంచి పొగమంచు వస్తుంది. నాచు దాన్ని తాగి, ఉబ్బి, పొద్దెక్కేసరికి పెట్టె కింది గొట్టంలోంచి చుక్కచుక్కగా చెంబులోకి వదులుతుంది. మేం తాగే నీళ్ళు అవే. ఎండ సైరన్ మోగేలోపు చెంబులు లోపలికి తేవాలి, నాచులో పడ్డ పుల్లలు ఏరాలి, పెట్టెల మీద తడిగోనె కప్పాలి. ఇవన్నీ అత్త పనులు. నన్ను ముట్టుకోనివ్వదు. శాఖ వాళ్ళు ఇచ్చిన చిటికెడు నాచుని మూడు పెట్టెల నిండా పెంచింది ఆవిడే. నా చెయ్యి తగిలితే నాచు బెదిరిపోతుందట.

ఇవాళ అత్త గ్లాసెడు నీళ్ళు తాగి, పెదాలు చప్పరించి, "నీల్లు బాగున్నాయే" అంది. నేను చీపురు పక్కన పడేసి ఆవిడ మొహంలోకి చూశాను. ఈ ఇంట్లో ఆవిడ దేన్నయినా బాగుంది అనగా నేను వినడం ఇదే మొదలు. నా పెళ్ళి భోజనాల గురించి కూడా "కడుపు నిండినాది" అని ఊరుకున్న మనిషి.

నేనూ తాగి చూశాను. నాలుక చివర కాస్త పులుపు, గొంతు దగ్గర కాస్త ఘాటు. ఎరిగిన రుచే, పేరు గుర్తు రాలేదు. ఎన్నడూ లేనిది ఇవాళ ఉంది కాబట్టి పై వరసలో "ఉంది" అని రాశాను. అబద్ధం రాస్తే తప్పు కదా.

బుధవారం
నీళ్ళు: మూడు చెంబులు. రంగు: లేదు. రుచి: ఉంది.

నిజం రాయడం ఎంత పొరపాటో ఇవాళ తెలిసింది. మధ్యాహ్నం పలక తనంతట తానే మాట్లాడింది. "మీ నాచులో రుచి దోషం నమోదయింది. వచ్చే నెల మొదటి శుక్రవారం ఇన్‌స్పెక్టరు గారు వచ్చి నీళ్ళు రుచి చూస్తారు. దోషం ఉంటే నాచుని పెట్టెలతో సహా తొలగిస్తారు. సహకరించగలరు" అని, చివర చిన్న సంగీతం కూడా వేసింది.

తొలగించడం అంటే గీకి కాల్చేయడం. కింద తొమ్మిదో అంతస్తు వాళ్ళ పెట్టెలకి అదే చేశారు. ఇప్పుడు వాళ్ళు రోజూ నేల మీదికి దిగి ట్యాంకరు వరసలో నిలబడి, బిందె నెత్తిన పెట్టుకుని మెట్లెక్కుతున్నారు. లిఫ్టులో నీళ్ళు ఎక్కించకూడదు. తొమ్మిది అంతస్తులకే ఆ ఇంటాయన మోకాళ్ళు పోయాయి. మాది ఇరవై ఆరు.

మా ఆయనకి ఫోన్ చేసి చెప్పాను.

"నిజం రాయమని నీకు ఎవుడు సెప్పినాడే?" అన్నాడు.

"రుచి ఉందా లేదా అని అడిగినారు. ఉందన్నాను. అందులో నా తప్పేటుంది?"

"నీ వంటలో కారం ఎక్కువుందని అమ్మ అంటే ఎన్నాళ్ళు మాటాడకుండా ఊరుకున్నావు? నిజం అంటే నీకంత పేనమేటి?"

ఫోన్ పెట్టేశాను. అత్తకి మాత్రం చెప్పక తప్పలేదు. ఆవిడ విని, వెళ్ళి మధ్య పెట్టె పక్కన కూర్చుంది. పుల్లలు లేకపోయినా ఏరుతూనే ఉంది. ఇంటికి వచ్చిన చుట్టాల పేర్లు మర్చిపోతుంది గానీ ఏ పెట్టెలో ఏ మూల నాచు ఎప్పుడు పట్టిందో ఆవిడకి గుర్తే. మోకాళ్ళ సంగతి అలా ఉంచి, ఈ పెట్టెలు పోతే ఈ మనిషి పొద్దున్నే లేచి ఏం చేస్తుందో నాకు తోచలేదు. ఈ నాచుని పోనివ్వకూడదు.

శుక్రవారం
నీళ్ళు: మూడున్నర చెంబులు. రంగు: లేదు. రుచి: ఉంది.

రుచి పేరు గుర్తొచ్చింది. వంకాయ, ఎండు నెత్తళ్ళ చేపలు.

పక్క టవరు మా టవరుకి జానెడు ఎడంలో కట్టారు. మా బాల్కనీ కుడి చివర నిలబడి చెయ్యి చాపితే నూకరత్నం వంటింటి కిటికీ. నూకరత్నం సముద్రపు గోడ పనివాళ్ళకి కూర పొట్లాలు వండి పంపుతుంది. పెద్ద దబరా, పెద్ద గరిటె, పెద్ద గొంతు. ఈమధ్య పొయ్యి మార్చింది. కొత్త పొయ్యి ఆవిరి అంతా కిటికీలోంచి తిన్నగా మా వైపు వస్తోంది. మా నాచుకి పొగమంచు వేరు, కూర ఆవిరి వేరు అనే తేడా తెలియదు. తడిగాలి ఏదొచ్చినా తాగేస్తుంది.

కిటికీలోంచి పిలిచి గ్లాసెడు నీళ్ళు ఇచ్చాను. నూకరత్నం తాగి, కళ్ళు మూసుకుని, మళ్ళీ తాగింది.

"ఇది నా కూరే వొదినా. నిన్నటిది. చింతపండు కొంచెం ఎక్కువైపోనాది."

"నవ్వుతావేటి? నాచు గీకేస్తారంట."

"గీకీసే ముందు నాకో సెంబు పంపించు. గోడోళ్ళకి చారు కింద అమ్ముకుంతాను."

నవ్వే సంగతి కాదు. అసలు చిక్కు వేరే ఉంది. మా అత్త నెత్తళ్ళు తినదు. కాశీలో వదిలేసింది.

కాశీ అంటే మా కమ్యూనిటీ హాలే. కుర్చీలో కూర్చోబెట్టి కళ్ళద్దాలు పెడతారు. గంగ కనబడుతుంది, గంటలు వినబడతాయి. మెట్లు దిగినట్టు ఉండడానికి కాళ్ళ కింద తడిగోనె పరుస్తారు. పంతులు గారు ఎక్కడో కూర్చుని నలభై హాళ్ళకి ఒకేసారి మంత్రం చెబుతారు. కళ్ళద్దాలదైనా కాశీ కాశీయే కాబట్టి ఇష్టమైన తిండి ఒకటి అక్కడ వదిలి రావాలి. మా అంతస్తు ఆడవాళ్ళం కట్టకట్టుకుని వెళ్ళి అందరం కాకరకాయ వదిలాం. కాకరకాయంటే నాకు చిన్నప్పటి నుంచి పడదు.

మా అత్త మాతో రాలేదు. అంతకు ముందే తనొక్కతే వెళ్ళొచ్చింది. ఎప్పుడనుకున్నారు? నాకు ఎండ జ్వరం వచ్చి ఆస్పత్రి చల్లగదిలో తెలివి లేకుండా పడి ఉన్న వారంలో. కోడలు మంచం మీద ఉంటే ఈవిడ తీర్థయాత్ర చేసింది. పోనీ అందరిలాగా కాకరకాయ వదిలిందా అంటే, లేదు. రోజూ లేనిదే ముద్ద దిగని ఎండు నెత్తళ్ళు వదిలింది. వదిలి, ఆ రోజు నుంచి నేను ఏ కూర వండినా "ఏటో" అంటూ తింటుంది. ఆవిడ గొప్పకి మా ఇంట్లో నెత్తళ్ళ వాసన పోయి నాలుగేళ్ళయింది. నాకూ ఇష్టమే మరి, నన్నెవరు అడిగారు?

ఇప్పుడు ఆవిడ రోజూ పొద్దున్నే చప్పరించి తాగుతున్నది ఆ నెత్తళ్ళనే. చెబితే నీళ్ళు ముట్టదు. మొండిది. చెప్పకుండానే రుచి పోగొట్టాలి.

ఆదివారం
నీళ్ళు: మూడు చెంబులు. రంగు: పసుపు. రుచి: చాలా ఉంది.

పల్చని మజ్జిగ చల్లితే నాచులో దోషం పోతుందని పద్నాలుగో అంతస్తు వాళ్ళు చెప్పారు. నిన్న అత్త కునుకు తీస్తుండగా చల్లాను. చల్లాక పులిసిన వాసన వచ్చింది. వాసనకి పసుపు మంచిది కదా అని మూడు పెట్టెల మీదా చిటికెడు చిటికెడు దులిపాను. పచ్చటి నాచు మీద పసుపు చూడముచ్చటగా ఉంది. గడపకి రాసినట్టు అంచులకి కూడా రాశాను. చేయి ఊరుకోక ఒక్కో పెట్టెకి ఒక్కో బొట్టు కూడా పెట్టాను.

ఈ ఉదయం గొట్టాల్లోంచి మజ్జిగ పులుసు కారింది.

ఊరికే అనడం లేదు. మా ఆయన గ్లాసులో పోసుకుని వాసన చూసి, లోపలికి వెళ్ళి గిన్నెలో అన్నం పెట్టుకొచ్చి, చెంబు వంచుకుని కలుపుకున్నాడు. "అప్పడం ఉందేటే?" అని అడిగాడు. ఆయన తింటుండగానే ఎదురు ఫ్లాటు వాళ్ళు గిన్నె పట్టుకొచ్చారు. వాళ్ళకి ఎవరు చెప్పారో తెలియదు. వాసనే చెప్పి ఉంటుంది. రెండో చెంబు అలా పోయింది. ఇరవై నాలుగో అంతస్తు నుంచి వచ్చిన ముసలాయన, రేపు ముద్దపప్పు తెచ్చుకోమంటారా అని మర్యాదగా అడిగి వెళ్ళాడు.

అత్త మాత్రం పెట్టెల దగ్గర కూలబడింది. నాచు అంచులు చిలకపచ్చ నుంచి తుప్పు రంగులోకి తిరిగాయి.

"ఎవుల్దే ఈ పని?"

"దిష్టి తగిలిందేమోనని పసుపెట్టినాను అత్తా."

"దిష్టి తియ్యమంటే దినం పెట్టీసినావు."

శాఖ వారు ఇచ్చిన పుస్తకంలో వంటింటి పదార్థాలేవీ నాచు మీద వేయరాదని పెద్ద అక్షరాలతో ఉంది. ఆ పేజీ నేను ఇవాళ చదివాను. నిన్నటి మంచినీళ్ళు చెంబుడు మిగిలితే మమ్మల్ని తాగనివ్వకుండా, వాటితో అత్త దూదితో నాచుని కొసకొసా తుడిచింది. నేను సాయం పడతానంటే చేయి తోసేసింది. నాకు నిజంగానే సిగ్గేసింది.

బుధవారం
నీళ్ళు: రెండు చెంబులు. రంగు: లేత పసుపు. రుచి: ఉంది.

నాచు బతికింది. అత్త చేతి చలవ. పులుపు పోయింది, పసుపు పోతోంది. నెత్తళ్ళు మాత్రం రోజు రోజుకీ చిక్కబడుతున్నాయి. నూకరత్నం కూర మార్చలేదు, గాలి మారలేదు, మరి రుచి ఎందుకు పెరుగుతోంది?

ఇవాళ తెలిసింది. ఎండ సైరన్ మోగాక తలుపులు వేసుకుని అందరం పడుకుంటాం. నాకు నిద్ర పట్టక మంచినీళ్ళకి లేచాను. బాల్కనీ అద్దంలోంచి అత్త కనబడింది. నెత్తిన తడిగుడ్డ వేసుకుని, చేత్తో గోనె సర్దుతున్నట్టు నటిస్తూ, కాలితో పెట్టెని తోస్తోంది. ఒక తోపు, అటూ ఇటూ చూడడం, ఇంకో తోపు. నూకరత్నం కిటికీ వైపు.

అప్పుడు నేల చూశాను. పెట్టెలు మొదట ఎడమ గోడకి ఉండేవి. వాటి తుప్పు మరకలు అక్కడి నుంచి కుడి చివరి దాకా వరసగా ఉన్నాయి. రోజుకి బెత్తెడు చొప్పున ఎన్నాళ్ళ నుంచి నడిపిస్తోందో. ఇప్పుడు మొదటి పెట్టె కిటికీ కిందే ఉంది. ఇంకో బెత్తెడు జరిపితే నూకరత్నం దబరాలో పడుతుంది.

తలుపు తీశాను.

"అత్తా, ఏటి సేస్తన్నావు?"

కాలు వెనక్కి తీసుకుంది. "అటేపు ఎండ తగుల్తాంది. నాచు మాడిపోద్ది. జరుపుతన్నాను."

ఎడమ వైపు రోజంతా నీడ. ఎండ పడేదే కుడి చివర. ఆ సంగతి ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు. ఇద్దరం ఒకరినొకరు చూసుకుని లోపలికి వచ్చేశాం. కాశీలో నెత్తళ్ళు వదిలిన మహా భక్తురాలు గ్లాసుల కొద్దీ నెత్తళ్ళు తాగడానికి మా నీళ్ళని పణంగా పెడుతోందని నాకు ఒళ్ళు మండిపోయింది.

సాయంత్రం పెట్టెలు మూడూ ఎడమ గోడకి ఈడ్చి, బట్టలారేసే తాడుతో కమ్మీకి కట్టేశాను. నూకరత్నాన్ని పిలిచి, ఇన్‌స్పెక్టరు వచ్చి వెళ్ళేదాకా నెత్తళ్ళు వండొద్దని బతిమాలాను.

"గోడోళ్ళు నన్ను తిట్టిపోస్తారు వొదినా."

"పప్పు పంపించు."

"నీ కోసం పంపిస్తాను. కానీ సూరీడమ్మ పిన్నికి సెప్పినావేటి?"

"సెప్పీదేటి, తాడేసి కట్టినాను. సూస్తాది."

నూకరత్నం ఏదో అనబోయి, ఆగి, కిటికీ రెక్క వేసుకుంది.

ఆదివారం
నీళ్ళు: మూడు చెంబులు. రంగు: లేదు. రుచి: లేదు.

పై వరస చూసుకుంటుంటే ఎంత బాగుందో. రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. ఇలాంటి నీళ్ళ కోసమే కదా శాఖ వారు నాచు పంచింది. నాచు మళ్ళీ చిలకపచ్చకి వచ్చింది. ఇన్‌స్పెక్టరు రావడానికి ఇంకా రోజులున్నాయి.

మా ఆయన అలిగి వచ్చాడు. గోడ మీద గురువారం నుంచి రోజూ పప్పేనట. "ఇది నీ పనేనంట కదా, గోడ మీద అందరికీ తెలిసిపోనాది" అని, నేను వడ్డించిన పప్పు చూసి లేచి వెళ్ళిపోయాడు.

అత్త తాడు చూసింది, ముడి చూసింది, విప్పలేదు. పొద్దున్న గ్లాసు తీసుకుని ఒక గుక్క తాగి, మిగతాది పెట్టెలోనే పోసేసింది. అన్నం సగంలో చెయ్యి కడుక్కుంటోంది. వంట బాగాలేదా అంటే, "ఏటో" అని కూడా అనడం లేదు. ఆ "ఏటో" వినబడనందుకు నాకెందుకు దిగులుగా ఉందో తెలియడం లేదు.

మంగళవారం
నీళ్ళు: మూడు చెంబులు. రంగు: లేదు. రుచి: లేదు.

అత్త ఇవాళ పుల్లలు ఏరలేదు. గోనె నేనే తడిపి కప్పాను. నా చెయ్యి తగిలితే బెదిరిపోతుందని కేక వేస్తుందేమోనని కాసేపు అక్కడే నిలబడ్డాను. వేయలేదు. అటు తిరిగి పడుకుంది.

కిటికీ దగ్గరికి వెళ్ళి నూకరత్నానికి చెప్పుకున్నాను. కాశీ వెళ్ళి మొక్కుకున్నదాన్ని దొంగతనంగా తాగడమేమిటి, తాగనివ్వకపోతే అలగడమేమిటి అన్నాను. ఇంత ఇష్టమైతే అసలు వదలడమెందుకు, అందరిలాగా కాకరకాయ వదిలితే పోయేది కదా అన్నాను.

నూకరత్నం పప్పు గరిటె దబరా మీద పెట్టింది.

"నీకు నిజంగా తెల్దేటి వొదినా?"

"ఏటి తెలాల?"

"సెప్పనని ఒట్టేసినాను. ఇంక ఉండబట్టలేను. నువ్వు సల్లగదిలో ఉన్నప్పుడు, ఇంక ఆశ లేదని డాక్టర్లు అన్నారు. సన్నిబాబు గోడ మీంచి దిగీసరికే రెండు రోజులు పట్టింది. పిన్ని ఒక్కత్తే అక్కడ బెంచీ మీద కూకుంది. తెల్లారి తిన్నగా హాలుకి ఎల్లి, తలుపు తీయించి, ఆ కళ్ళద్దాలు పెట్టుకుంది. కోడలు లెగిస్తే నెత్తళ్ళు ముట్టనని మొక్కుకుంది. కాకరకాయ వొదలొచ్చు కదా పిన్నీ అని నేనే అన్నాను. కాకరకాయిచ్చి కోడల్ని అడిగితే దేవుడు నవ్వడేటే అన్నాది."

నేను కమ్మీ పట్టుకున్నాను.

"మరి నాకెందుకు సెప్పలేదు?"

"తెలిస్తే నెత్తికెక్కుతావంట."

"మరి ఈ నీల్లు? మొక్కు పోదేటి?"

"అదీ అడిగినాను. నమిలింది తిండి, తాగింది నీల్లు, దేవుడికి ఆ మాత్రం తెల్దేటి అన్నాది. నువ్వు నిజం రాయకపోతే ఏ గొడవా లేకపోను."

నాకు ఏడుపొచ్చింది. అదనపు వివరాలు అన్నారు కాబట్టి అది కూడా రాస్తున్నాను. నాలుగేళ్ళు ఆవిడ తీర్థయాత్రని నలుగురి దగ్గరా ఎత్తి పొడిచాను. మా అంతస్తు వాళ్ళ దగ్గర, మా ఆయన దగ్గర, ఆఖరికి ఈ పలక దగ్గర కూడా. ఆవిడ నా వంట తిని "ఏటో" అన్నప్పుడల్లా పళ్ళు కొరుక్కున్నాను. ఆ వంటలో లేనిది నా కోసం వదులుకున్నదేనని నాకేం తెలుసు?

లోపలికి వెళితే అత్త అటు తిరిగే ఉంది. ఏదో అనాలని కూర్చున్నాను. ఏం అన్నా ఆవిడకి తెలిసిపోతుంది, నూకరత్నం ఒట్టు పోతుంది. కాళ్ళు పట్టాను. "ఏటే ఇవాళ, జొరమొచ్చిందేటి?" అంది. లేదన్నాను. ఆవిడ కాళ్ళు లాక్కోలేదు.

శుక్రవారం
నీళ్ళు: మూడు చెంబులు. రంగు: లేదు. రుచి: లేదు.

ఇన్‌స్పెక్టరు వచ్చాడు. తవిటినాయుడు గారట. సన్నగా, పొడుగ్గా, ఇరవై ఆరో అంతస్తు దాకా మెట్ల మీదే వచ్చినట్టు రొప్పుతూ ఉన్నాడు. లిఫ్టు ఇవాళ సరి అంకెల అంతస్తులకి ఆగదు, ఆయన ఎక్కింది ఒక్క అంతస్తే.

ముందు నాచు నొక్కి చూశాడు. పెట్టెలు కట్టిన తాడు చూశాడు. నేల మీద ఎడమ నుంచి కుడికి పోయిన తుప్పు మరకల వెంబడే నడిచి, నూకరత్నం కిటికీ దాకా వెళ్ళి, అక్కడ ఒక్కసారి గాలి పీల్చి వెనక్కి వచ్చాడు.

అత్త లేచి వచ్చింది. మంగళవారం తర్వాత ఇదే మొదటిసారి. పెట్టెల కోసం వచ్చిందని తెలుస్తూనే ఉంది. చెంబు తానే వంచి, గ్లాసు తానే అందించింది. తవిటినాయుడు గారు గుక్క నోట్లో పోసుకుని, పుక్కిలించి, మింగాడు.

"రుచేటీ లేదు" అన్నాడు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన మొహం కాస్త చిన్నబోయినట్టు నాకనిపించింది. పలక మీద వేలు పెట్టి, దోషం లేదని కొట్టేశాడు. "మళ్ళీ ఏడాదికే వస్తాను."

అత్త కొంగుతో మొహం తుడుచుకుని పెట్టె పక్కన కూర్చుంది. కూర్చోగానే పుల్లలు ఏరడం మొదలుపెట్టింది. నేను ఆయన్ని గుమ్మం దాకా సాగనంపాను.

అక్కడ ఆగి, గొంతు తగ్గించి, "ఈవిడేనా సూరీడమ్మగారు?" అన్నాడు.

పై వరసలో మా అత్త పేరు ఎక్కడా రాయలేదు. రాసిందంతా కింది జాగాలోనే.

"బాబూ, అది ఎవరూ సదవరని ఆ అమ్మాయి సెప్పింది."

"నిజమేనమ్మా. శాఖ సదవదు. పై వరసే లెక్కలోకొస్తాది. కిందిది నేను ఇంటికాడ తీరుబాటుగా సదువుకుంతాను. మా ఇంటిదాయికి కూడా సదివి వినిపిస్తన్నాను. మొన్న మంగళవారంది విని అన్నం తినకుండా లేచిపోనాది." చెప్పులు వేసుకుంటూ మళ్ళీ అన్నాడు. "పెట్టెలు ఎడమ గోడకే ఉండాలని రూల్ లేదమ్మా. పుస్తకమంతా ఎతికినాను."

మెట్లు దిగుతూ వెనక్కి తిరిగాడు. "నానూ కాకరకాయే వొదిలినాను. సిగ్గేసింది."

శనివారం
నీళ్ళు: మూడు చెంబులు. రంగు: లేదు. రుచి: లేదు.

పొద్దున్నే తాడు విప్పాను. ముడి నేనే వేసింది, నాకే ఊడలేదు. చివరికి కత్తి తెచ్చి కోశాను. మూడు పెట్టెలూ ఒక్కొక్కటీ ఈడ్చుకుంటూ కుడి చివరికి, కిటికీ కిందికి చేర్చాను. అత్త గుమ్మంలో నిలబడి చూసింది.

"ఎందుకే అలగ జరుపుతన్నావు?"

"అటేపు ఎండ తగుల్తాంది అత్తా. నాచు మాడిపోద్ది."

ఆవిడ ఎడమ గోడ వైపు చూసింది. నీడగా ఉంది. నా వైపు చూసింది. ఆ చూపు నేను తట్టుకోలేక కిందికి వంగి గోనె సర్దాను.

"నూకరత్నానికి నోట్లో నువ్వుగింజ నానదు" అని లోపలికి వెళ్ళిపోయింది. కాసేపటికి తిరిగొచ్చి, నేను సర్దిన గోనె తీసేసి మళ్ళీ తానే కప్పింది.

నూకరత్నం వారమంతా పప్పుకి సామాను తెచ్చి పెట్టుకుంది, సోమవారం దాకా నెత్తళ్ళు లేవంది. సోమవారం దాకా ఎందుకు ఆగాలి? ఆవిడ దగ్గరే గుప్పెడు ఎండు నెత్తళ్ళు చేబదులు తీసుకున్నాను. వంటింట్లోని చిన్న పొయ్యి బాల్కనీలోకి తెచ్చి పెట్టాను. నాలుగేళ్ళ తర్వాత తలలు తుంచాను, కడిగాను, వేయించాను. లేత వంకాయలు చీల్చి వేశాను. నూకరత్నం కిటికీలోంచి సలహాలు ఇస్తూనే ఉంది. ఒక్కటీ వినలేదు. ఇది నేనే వండాలి. మూత పెట్టకుండా, ఆవిరి అంతా పెట్టెల మీదికి పోయేలా విసనకర్రతో విసిరాను.

మధ్యాహ్నం వచ్చిన మా ఆయన ఆ కూరతో మూడుసార్లు అన్నం కలుపుకుని, "పప్పు లేదా?" అని కూడా అడిగి నవ్వాడు. నేనూ తిన్నాను. అత్త పక్కనే కూర్చుని చారన్నం తింది. కూర గిన్నె వైపు కన్నెత్తి చూడలేదు. మొక్కు మొక్కే.

ఆదివారం
నీళ్ళు: మూడు చెంబులు. రంగు: లేదు. రుచి: లేదు.

తవిటినాయుడు గారూ, మీరు ఇంట్లో చదువుతారు కాబట్టి రాస్తున్నాను. పై వరస మీ శాఖకి. ఇది మీకూ, మీ ఇంటావిడకీ.

పొద్దున్న చెంబు నిండేసరికి అత్త గ్లాసు పట్టుకుని గొట్టం దగ్గరే కూర్చుని ఉంది. నేను తలుపు వెనక నిలబడ్డాను. మొదటి గుక్క తాగింది. కళ్ళు మూసుకుంది. పెదాలు చప్పరించింది. గ్లాసు ఖాళీ చేసి, మళ్ళీ నింపుకుని, అది కూడా తాగింది. నా చేతులు రెండూ ఒకదాన్నొకటి నలుపుకుంటున్నాయి. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆవిడ మాట కోసం నేను ఇంతగా ఎదురుచూసింది లేదు.

ఆవిరిలో ఉప్పు రాదని మీ పుస్తకంలో ఉంది. మా అత్త ఆ పుస్తకం చదవలేదు.

"ఓలే సత్యవేణీ," అని పిలిచింది. "నేను ఇక్కడున్నానని నీకు తెలుసు, నువ్వు అక్కడున్నావని నాకు తెలుసు. ఇలగరా. రేపు కొంచెం ఉప్పు ఎక్కువెయ్యి."